ఆ ‘లేకపోలేదు’ అంటే ఎంత శాతం?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎక్కడ బాంబు పేలినా మన పత్రికల్లో రెండు హెడ్డింగులు తప్పకుండా వస్తాయి. మొదటి రోజు ‘నిఘా వైఫల్యం’. రెండో రోజో మూడో రోజో ‘ముందే హెచ్చరించిన నిఘా వర్గాలు’. మీ పత్రిక ఒక్కటే అనడం లేదు, అన్నీ అంతే. ముందే హెచ్చరిస్తే అది వైఫల్యం ఎలా అయింది, వైఫల్యమే అయితే హెచ్చరించింది ఎవరు అని చదివేవాడికి అనుమానం వస్తుంది. నిజానికి ఈ రెండు హెడ్డింగుల మధ్య ఆ హెచ్చరిక రాసిన ఒక కాగితం ఉంటుంది. ఎవరో రాసి, ఇంకెవరో దిద్ది, మరెవరో సంతకం పెట్టి, చివరికి ఒక పేషీలో ఏ టేబుల్ మీదో పెట్టిన కాగితం. దాని గురించి మాత్రం ఎవరూ రాయరు. నా ఉత్తరం ఆ కాగితం గురించే.

నేను నిఘా విభాగంలో పనిచేసినవాణ్ణి కాదు, ముందే చెప్పేస్తున్నా. ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద నోట్ రాయడమే పని. గూఢచారుల సంగతి నాకేం తెలుస్తుంది గానీ, కింద రాసిన వాక్యం పైకి వెళ్లేసరికి ఏమైపోతుందో మాత్రం బాగా తెలుసు.

ఒకసారి పైనుంచి అర్జంటుగా లెక్కలు అడిగారు. ఆరు చోట్ల నుంచి రావాలి. నాలుగు చోట్ల నుంచి కాగితాలు వచ్చాయి, రెండు చోట్ల వాళ్లు ఫోన్‌లో చెప్పారు. నేను మొత్తం అంకె వేసి, కింద ‘ఇందులో రెండింటి వివరాలు ఫోన్ ద్వారా అందినవి, ధ్రువీకరణ రావలసి ఉంది’ అని రాశాను. నోట్ పొడుగైందని నా పైఅధికారి ఆ వాక్యం కొట్టేసి ‘ప్రాథమిక సమాచారం ప్రకారం’ అని మార్చారు. ఆయన పైన ఉన్నాయనకు ‘ప్రాథమిక’ అన్న మాట ఎందుకో నచ్చలేదు, తీసేశారు. మీటింగులో పెద్దసారు అంకె ఒక్కటే చదివారు. నెల తిరక్కుండా అసలు కాగితాలు వచ్చాయి, అంకె మారిపోయింది, మెమో మాత్రం నాకు వచ్చింది. నా నోట్ బయటికి తీసి ఆ వాక్యం చూపిస్తే, ‘అది నీ నోట్‌లో ఉంది కానీ సార్ దాకా రాలేదు కదయ్యా’ అన్నారు. ఈ మొత్తం కథలో అబద్ధం ఆడినవాడు ఒక్కడూ లేడు. అదే నన్ను ఇన్నేళ్లుగా తొలుస్తున్న విషయం.

నా అంకె వల్ల పోయింది ఒక మెమోతో పోయింది. అదే పని దేశభద్రత కాగితాల మీద జరిగితే?

జరిగింది. ఒకచోట కాదు, చాలాచోట్ల. రిటైరయ్యాక పొద్దుపోక ఈ కమిటీల నివేదికలు, అమెరికా వాళ్లు రహస్యం ఎత్తేసి బయటపెట్టిన కాగితాలు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అదంతా మా ఆఫీసులాగే కనిపించింది.

1951 మార్చిలో సీఐఏ ఒక అంచనా తయారుచేసింది, ఆ ఏడాది యుగోస్లావియా మీద సోవియట్ కూటమి దాడి చేస్తుందా లేదా అని. అందులో దాడిని ‘తీవ్రంగా పరిగణించాల్సిన అవకాశం’గా చూడాలన్న అర్థంలో ఒక మాట వాడారు. అంచనాల విభాగంలో ఉన్న షెర్మన్ కెంట్‌ను విదేశాంగ శాఖ పెద్ద ఒకాయన మాటల్లో అడిగాడు, ఇంతకీ మీరన్న దానికి అర్థం ఏమిటి, ఎంత అవకాశం అని. కెంట్ తన లెక్క 65కు 35, దాడి జరిగే వైపే మొగ్గు అన్నాడు. అడిగినాయన ఉలిక్కిపడ్డాడు, వాళ్ల శాఖలో అందరూ అంతకంటే చాలా తక్కువ అనుకున్నారట. కెంట్‌కు టెన్షన్ పట్టుకుని, ఆ కాగితం మీద తనతో పాటు కూర్చున్నవాళ్లనే అడగడం మొదలుపెట్టాడు. ఒకరు 80కి 20 జరుగుతుందన్నారు, ఇంకొకరు 20కి 80, అంటే జరగదన్నారు. అందరూ కలిసి కూర్చుని, ఒకే వాక్యానికి ఒప్పుకుని సంతకాలు పెట్టినవాళ్లే! వాక్యం ఒకటే, మనసులో అర్థాలు మాత్రం ఎవరివి వాళ్లవి.

ఇది చదివాక నాకు మన పత్రికల్లో రోజూ కనిపించే ‘అవకాశాలు లేకపోలేదు’ గుర్తొచ్చింది. ఉందనడానికి ధైర్యం చాలదు, లేదనడానికి నోరు రాదు, రెండు ‘లేదు’లు కలిపి ఒక మాట చేసుకున్నాం. మా ఇంట్లో వరసగా అందర్నీ అడిగాను, ‘దాడి జరిగే అవకాశం లేకపోలేదు’ అంటే నూటికి ఎంత అని. మా ఆవిడ పది అంది. అబ్బాయి నలభై అన్నాడు. కోడలు కాస్త ఆలోచించి, ‘మామయ్యా, అలా రాశారంటే వాళ్లకేదో తెలిసే రాస్తారు, డెబ్బై వేసుకోండి’ అంది. నలుగురున్న ఇంట్లోనే ఒక మాటకు ఇన్ని అర్థాలైతే, ఆ మాటనే నమ్ముకుని ఒక అధికారి బలగాలు పంపాలా వద్దా అని తేల్చుకోవాలంటే ఎలా?

మాటల వల్ల మనుషులే పోయిన సందర్భం కూడా ఉంది. 1961లో క్యూబాలో కాస్ట్రో ప్రభుత్వాన్ని కూలదోయడానికి, ఆ దేశం వదిలి వచ్చిన ప్రవాసులనే పంపే పథకాన్ని అమెరికా సైనికాధిపతుల చేత పరిశీలింపజేస్తే, గెలిచే అవకాశం ‘ఫెయిర్’ అని రాసిచ్చారు. రాసినాయన ఉద్దేశంలో అది నూటికి ముప్పై. చదివినవాళ్లకు ఫర్వాలేదు, బాగానే ఉంది అన్నట్టు వినిపించింది. ఏప్రిల్‌లో సుమారు 1,400 మంది క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్ దగ్గర దిగారు, మూడు రోజుల్లో ముగిసింది, వెయ్యి మందికి పైగా పట్టుబడ్డారు. ఆ ఒక్క మాటే కారణమని నేననను, పథకమే కుంటిది. కానీ ‘ముప్పై’ అని అంకె వేసి ఉంటే అప్పటి అధ్యక్షుడు కెనెడీ కనీసం ఇంకో ప్రశ్న అడిగి ఉండేవాడేమో.

మాట జారడం ఒక రోగం. మాట మాయమవడం అంతకంటే పెద్ద రోగం, నా నోట్‌కు పట్టింది అదే. 2002 అక్టోబర్‌లో ఇరాక్ ఆయుధాల మీద అమెరికా నిఘా సంస్థలన్నీ కలిసి ఒక అంచనా ఇచ్చాయి. ఇరాక్ కొంటున్న అల్యూమినియం గొట్టాలు అణు ఇంధనం శుద్ధి చేసే యంత్రాల కోసమేనని ఎక్కువ సంస్థలు రాశాయి. ఆ యంత్రాల గురించి అందరికంటే బాగా తెలిసిన ఇంధన శాఖ మాత్రం ఆ గొట్టాలు అందుకు కాదంది, విదేశాంగ శాఖలోని నిఘా విభాగం కూడా ఒప్పుకోలేదు. మామూలు రాకెట్ల కోసం అయ్యుంటాయని వాళ్ల వాదన. ఈ అభ్యంతరాలు రహస్య ప్రతిలో ఉన్నాయి. జనం కోసం అదే నెలలో విడుదల చేసిన ప్రతిలోకి వచ్చేసరికి ఏ సంస్థ విభేదించిందో ఎగిరిపోయింది, ‘మేం భావిస్తున్నాం’ అన్న మాటలు కూడా చాలాచోట్ల ఎగిరిపోయాయి. ‘ఉన్నాయని మేం భావిస్తున్నాం’ అన్నది ‘ఉన్నాయి’ అయింది. సెనేట్ కమిటీ 2004లో దీన్ని తప్పుపట్టింది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది, వెతికిన ఆయుధాలు దొరకలేదు.

అమెరికా అధ్యక్షుడికి రోజూ పొద్దున్నే ఇచ్చే నిఘా సారాంశం, అంటే బ్రీఫ్, గురించి 2005లో ఒక విచారణ సంఘం ఏం చెప్పిందంటే, ఆ పెద్ద అంచనా కంటే ఈ రోజువారీ కాగితాలే ఎక్కువ భయపెట్టేలా, తక్కువ సందేహాలతో ఉన్నాయని, ఆకట్టుకునే హెడ్డింగులు పెట్టి అదే సంగతి మళ్లీ మళ్లీ చెబుతూ పోతే అరకొర ఆధారం కూడా గట్టిదిలా కనిపించిందని. అయ్యా, ఈ హెడ్డింగుల జబ్బు మీ పత్రికలదే అనుకున్నా ఇన్నాళ్లూ!

అందరికీ తెలిసిన అలాంటి బ్రీఫ్ ఇంకొకటి, 2001 ఆగస్టు 6 నాటిది. సెప్టెంబర్ 11 దాడులకు ముప్పై ఆరు రోజుల ముందు. బిన్ లాడెన్ అమెరికాలోనే దాడికి పట్టుదలగా ఉన్నాడన్న అర్థంలో హెడ్డింగు, కింద పేజీన్నర. సెలవు మీద టెక్సస్ ఇంట్లో ఉన్న బుష్‌కు ఇచ్చారు. ‘చూశారా, హెడ్డింగులోనే ఉంది, అయినా పట్టించుకోలేదు’ అని అందరూ అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి, మొత్తం చదివేదాకా. అందులో ఎక్కువ భాగం పాత సంగతులే. తేదీ లేదు, చోటు లేదు, ఫలానా పని చేయండి అని లేదు. చివర్లో మాత్రం ఒక అంకె ఉంది, బిన్ లాడెన్‌కు సంబంధించి ఎఫ్‌బీఐ సుమారు 70 పూర్తిస్థాయి దర్యాప్తులు జరుపుతోందని. చదివేవాడికి ఏమనిపిస్తుంది? హమ్మయ్య, ఎవరో చూసుకుంటున్నారులే అనిపిస్తుంది. తర్వాత విచారణ కమిషన్ ఆ 70 ఎక్కడిదని తవ్వితే, ఒక్కో కేసులో ఒక్కో మనిషిని ఒక్కో దర్యాప్తుగా లెక్కేశారని తేలింది. చందాల కేసులూ అందులోనే. ఎప్పటినుంచో జైల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు, చచ్చిపోయిన మనిషీ ఒకడున్నాడు. ఆ అంకె వేసిన గుమస్తా ఎవరో గానీ, నాకు అతని మీద కోపం కంటే జాలే ఎక్కువ. పైవాళ్లు ‘ఎన్ని?’ అని అడిగి ఉంటారు, గంటలో కావాలని ఉంటారు.

మన దగ్గరికి వస్తే, కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన సమీక్ష కమిటీ నివేదిక, కొన్ని భాగాలు తీసేసి, 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. అందులో ఒక పేరా ఉంది, ప్రతి సెక్షన్ ఆఫీసరూ చదవాల్సింది. నియంత్రణ రేఖకు అవతలి వైపు జరుగుతున్న కదలికల గురించి 1998 జూన్‌లో దేశం లోపలి నిఘా చూసే ఐబీ డైరెక్టర్ స్వయంగా సంతకం చేసి ఒక నోట్ పంపారు. ప్రధానికి వెళ్లింది, హోంమంత్రికి వెళ్లింది, కేబినెట్ కార్యదర్శికి, హోం కార్యదర్శికి, సైన్యంలో ఆపరేషన్స్ చూసే డైరెక్టర్ జనరల్‌కు వెళ్లింది. పెద్దవాళ్లందరికీ వెళ్లింది. ఆ సమాచారంతో నిజంగా పని ఉన్న ముగ్గురికి మాత్రం నేరుగా వెళ్లలేదు. వాళ్లెవరంటే విదేశాల్లో నిఘా చూసే రా కార్యదర్శి, అన్ని సంస్థల సమాచారం కలిపి అంచనా వేసే జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ చైర్మన్, మిలటరీ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జనరల్. ఎందుకు పంపలేదంటే, పైవాళ్ల నుంచి ఎలాగూ వాళ్లకు చేరుతుందనుకున్నానన్నది ఐబీ డైరెక్టర్ జవాబు. చేరలేదు. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో రా కార్యదర్శే కమిటీ చైర్మన్‌గా కూడా అదనపు బాధ్యత చూస్తున్నారు. అంటే ఒక్క కవరు సరిగ్గా పంపితే రెండు కుర్చీలకు అందేది.

నేను రిటైరైన శాఖలో కూడా నోట్ కింద ‘ప్రతులు’ అని ఒక జాబితా రాసేవాళ్లం. అది ఎవరూ చదవని భాగం. కానీ కాగితం బతుకు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. గౌరవం కోసం ప్రతి పంపడం వేరు, పని కోసం పంపడం వేరు. ప్రధానమంత్రికి నోట్ వెళ్లిందంటే పంపినవాడికి ఘనత, రేపు ఏదైనా జరిగితే రక్షణ. ప్రధాని ఆ కాగితం పట్టుకుని కొండెక్కి చూసి వస్తారా?

ఈ ‘రేపు ఏదైనా జరిగితే’ అన్నదే అసలు జబ్బు అని నా అభిప్రాయం. పండగ వస్తే అలర్ట్, ఆగస్టు 15 వస్తే అలర్ట్, ఎన్నికలొస్తే అలర్ట్. అప్రమత్తంగా ఉండండి, అనుమానాస్పద వ్యక్తులపై కన్నేయండి, అంతే. రాసినవాడు ఒడ్డున పడతాడు, ఎందుకంటే ఏదైనా జరిగితే ‘మేం చెప్పాం’, జరక్కపోతే ఎవడడుగుతాడు? అందుకునేవాడికి అది ‘నాన్నా పులి’ కథ అవుతుంది. 2008 నవంబర్‌లో ముంబయి మీద జరిగిన దాడికి ముందు, ఉగ్రవాదులు సముద్రం మీదుగా రావచ్చని, పెద్ద హోటళ్లు గురి కావచ్చని హెచ్చరికలు వచ్చాయని తర్వాత అందరికీ తెలిసింది. అవి మిగతా అలర్టుల కుప్పలోనే ఉన్నాయి. కుప్పలోంచి ఏది లాగాలో చెప్పడమే కదా అంచనా అంటే. కుప్పను కుప్పగా పంపేయడానికి అంత పెద్ద సంస్థలెందుకు, టపా గుమస్తా చాలు.

నెపమంతా రాసేవాళ్ల మీదే వేస్తే అన్యాయం. వినేవాళ్లు ఎలాంటివాళ్లైతే కాగితం అలా తయారవుతుంది. కెనెడీకి పొడుగు కాగితాలు చదివే ఓపిక ఉండేది కాదు, జేబులో పట్టేలా చిన్నది కావాలన్నారు. 1961 జూన్ 17న ఏడు పేజీల చిన్న పుస్తకం చేసి ఇస్తే, ఈతకొలను దగ్గర దూకే బల్ల మీద కూర్చుని చదివి, ఇది బాగుంది అన్నారట. ఇప్పటి రోజువారీ బ్రీఫ్‌కు అదే పూర్వరూపం. రీగన్ కోసం విదేశీ నాయకుల మీద వీడియోలు తీశారు. ఒబామా ట్యాబ్‌లో చదివారు. రెండో ప్రపంచయుద్ధంలో చర్చిల్‌కు సారాంశాలంటే నమ్మకం లేదు, జర్మన్ల రహస్య సందేశాలు విప్పగానే వాటినే పెట్టెలో పెట్టి తాళం వేసి పంపమనేవారు, తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. పెద్దమనిషికి నచ్చేలా వడ్డించడం ఏ కొలువులోనైనా ఉన్నదే. ఆకారం నచ్చేలా చేస్తే తప్పులేదు. అభిప్రాయం కూడా నచ్చేలా చేయడం మొదలైతేనే కొంప మునుగుతుంది.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నేను సణుగుడు ముసలివాణ్ణంటారు. 1962 సెప్టెంబర్‌లో సీఐఏ అంచనా ఏమిటంటే, సోవియట్ వాళ్లు క్యూబాలో క్షిపణులు పెట్టే సాహసం చేయకపోవచ్చని. నెల తిరక్కుండా గూఢచారి విమానం తీసిన ఫొటోల్లో క్షిపణులు కనిపించాయి. అక్టోబర్ 16న ఆ ఫొటోలు పట్టుకుని ఆర్థర్ లండాల్ అనే నిపుణుడు కెనెడీ ముందు నిలబడ్డాడు. మామూలు కళ్లకు ఆ ఫొటోల్లో కనిపించేది పొలాలు, గీతలు, మచ్చలు, అంతే. కెనెడీ నేరుగా అడిగాడు, ఇది మధ్యశ్రేణి క్షిపణి అని నీకెలా తెలుసు? ‘పొడవు సార్’ అన్నాడు లండాల్. ‘ఏంటి, పొడవా?’ అని మళ్లీ అడిగాడు కెనెడీ. అవును, దాని పొడవే అన్నాడు. ప్రయోగానికి సిద్ధంగా ఉందా అంటే లేదన్నారు. ఆ గదిలో జరిగిన మాటలు టేపులో ఉన్నాయి. నాకు అందులో నచ్చింది ఇద్దరి పద్ధతీ. చెప్పినవాడు ఉపన్యాసం ఇవ్వలేదు, ఆధారం ఒక్క మాటలో చెప్పాడు. అడిగినవాడు అంకెకు తలూపలేదు, నీకెలా తెలుసని అడిగాడు. నా మెమో కథలో ఆ మీటింగులో ఎవరైనా ‘ఈ లెక్క ఎలా వచ్చింది’ అని అడిగి ఉంటే, ఫోన్ సంగతి అక్కడే బయటపడేది.

అడగనివాళ్ల ముందు చెప్పలేనివాడి గతి ఏమిటో 1973లో ఇజ్రాయెల్‌లో చూశారు. అక్కడి సైనిక నిఘా విభాగం ఈజిప్టు ఇప్పట్లో యుద్ధం చేయదన్న ఒకే నమ్మకం మీద కూర్చుంది. దక్షిణ కమాండ్‌లో బిన్యామిన్ సిమాన్ తోవ్ అనే లెఫ్టినెంట్ అక్టోబర్ 1న, మళ్లీ 3న రాశాడు, ఈజిప్టు చేస్తున్న సైనిక విన్యాసాలు దాడికి ముసుగు కావచ్చని. పైఅధికారి దాన్ని పైకి పంపలేదు. అక్టోబర్ 6న యుద్ధం. తర్వాత ఆ విభాగంలో, అందరూ ఒక మాట మీద ఉంటే దానికి ఎదురు వాదించడమే ఉద్యోగంగా కొందరిని పెట్టారు. వినడానికి వింతగా ఉంది గానీ, జీతం ఇచ్చి మరీ ‘కాదు’ అనిపించుకోవడం నాకు తెలివైన పనే అనిపించింది. మన ఆఫీసుల్లో ‘కాదు’ అన్నవాడికి దొరికేది ట్రాన్స్‌ఫర్.

ఇప్పుడు నేను అడుగుతున్నదేమీ పెద్ద రహస్యాలు కాదు. అమెరికాలో ఏ మాటకు ఎంత శాతమో ఒక పట్టిక వేసి ఆదేశంగానే పెట్టారు, ‘లైక్లీ’ అంటే 55 నుంచి 80 అని. బ్రిటన్‌లోనూ అలాంటి కొలబద్ద ఉంది. అంకె వేస్తే సరిగ్గా తెలిసిపోతుందని కాదు. 2011లో పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్ ఇంట్లో ఉన్నది బిన్ లాడెనేనా అని అడిగితే ఒకరు 40 శాతమని, ఇంకొకరు 95 అని చెప్పారు, చివరికి ఒబామా తన లెక్కలో అది 55కు 45 అనే అన్నారు. కనీసం ఎంత తెలియదో అందరికీ ఒకేలా తెలిసింది. అలాంటి పట్టిక మన భాషల్లో వేసి బయటపెడితే ఏ శత్రువుకూ లాభం లేదు. అభ్యంతరం చెప్పిన సంస్థ పేరు, దాని మాట మొదటి పేజీలోనే ఉండాలి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు. ప్రతులు ఎవరికి వెళ్లాయో ఆ జాబితాను ఏటా ఎవరో ఒకరు తనిఖీ చేయాలి. ఎవరు? సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ఐబీ, రా మనకు జవాబు చెప్పనక్కర్లేదు, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలైతే తప్ప. సరే, మాకు చెప్పకండి. పార్లమెంటులో నలుగురు సభ్యుల కమిటీకైనా చెప్పండి. 2011లో ఒక ఎంపీ ఇందుకోసం ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి ‘ముందే హెచ్చరించిన నిఘా వర్గాలు’ అన్న వార్త మీ డెస్క్‌కు వచ్చినప్పుడు, పంపిన విలేకరికి ఫోన్ చేసి అడగండి. ఏ తేదీన హెచ్చరించారు, ఆ కాగితం ఎవరెవరికి వెళ్లింది, అందులో చోటు, రోజు ఉన్నాయా, సరిగ్గా ఏ మాట వాడారు? జవాబులు రాకపోతే రాలేదని వార్తలోనే రాయండి. ఆ కాస్త జాగా నా ఉత్తరాన్ని కత్తిరించి అయినా ఇవ్వండి, అభ్యంతరం లేదు. ఇంతకీ దీన్ని వేస్తారా అని మా అబ్బాయి మీ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, ‘వేసే అవకాశం లేకపోలేదు’ అన్నారట. అది నూటికి ఎంతో దయచేసి ఒక ముక్క రాయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్